మగ్గం గుంతలో కూర్చుని చూసిన కిటికీ

బతుకంతా నేను కిటికీలు చేశాను. తలుపులూ చేశాను, మంచాలూ చేశాను, ఒక పెద్దమనిషి పోరు పడలేక ఆయన చిలక్కి పంజరం కూడా చేసి పెట్టాను. అయినా తిరుపతిలో నన్ను అందరూ కిటికీల ఆచారి అనే పిలిచారు. వీరాచారి అని నాకొక పేరుందన్న సంగతి ఇంట్లోవాళ్లకు కూడా అప్పుడప్పుడే గుర్తొచ్చేది.

ఇప్పుడు చిత్రిక చేతబట్టుకుంటే చెక్క మీద ఆనక ముందే చెయ్యి వణుకుతోంది. అందుకని పని మానేశాను. మానేశానన్న మాటే గానీ పొద్దున్నే కాఫీ తాగి మా పాత షెడ్డు దగ్గరికి వెళ్లి కూర్చుంటాను. అక్కడ పని నేర్చుకునేవాళ్లు నన్ను చూసి ముందు భయపడతారు, తర్వాత విసుక్కుంటారు, చివరికి ఏదో ఒకటి అడుగుతారు. ఉలి ఎలా పట్టాలి, ఏ చెక్కకు ఏ మేకు, ఇలాంటివి. అవి ఎవరైనా నేర్పుతారు. చెయ్యి రెండుసార్లు తెగితే ఉలే నేర్పుతుంది.

నేను చెప్పాలనుకున్నది వేరు. ఒక ఇంటివాళ్లు మనల్ని పిలిచి, "ఈ పాత కిటికీ తీసేసి కొత్తది పెట్టించుకోమంటావా, వద్దంటావా?" అని అడుగుతారు. వాళ్లు దాచుకున్నదంతా ఆ మాట మీద పెట్టి అడుగుతారు. అప్పుడు మనం ఏం చెప్పాలి? ఈ పనిలో అసలు కష్టం అక్కడుంది. దాన్ని నేను నేర్చుకున్నది ఒక తప్పు చేసి.

ఏకాంబరం మేస్త్రీ మజ్జిగ

నా గురువు ఏకాంబరం మేస్త్రీ. చిత్తూరు దగ్గర పల్లెలో పుట్టి, అరవదేశంలో పని నేర్చి, తిరుపతిలో షెడ్డు పెట్టాడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు, మోకాళ్ల నొప్పి. కోపం వస్తే చేతిలో ఏదుంటే అది విసిరేవాడు. ఉలి ఉన్నప్పుడు మాత్రం దాన్ని జాగ్రత్తగా కింద పెట్టి, పక్కనున్న చెక్కముక్క తీసి విసిరేవాడు. పనిముట్టు మీద ఉన్న ప్రేమలో సగం మా మీద ఉంటే చాలని మేమనుకునేవాళ్లం. ఉండేదని తర్వాత తెలిసింది.

ఆయన ఎవరింటికి వెళ్లినా ముందు మజ్జిగ అడిగేవాడు. కొలబద్ద బయటికి తీసేవాడు కాదు. ఇంట్లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూలబడి, మజ్జిగ తాగుతూ, ఇంటావిడతో కూరగాయల గురించీ ముసలమ్మతో దగ్గు గురించీ అరగంట మాట్లాడేవాడు. నేను గుమ్మం దగ్గర సంచీ పట్టుకుని కాళ్లు మార్చుకుంటూ నిలబడేవాణ్ణి. ఈయనకు మోకాళ్ల నొప్పి కదా, అందుకే ఎక్కడికి పోయినా కూర్చునే వంక వెతుక్కుంటాడు అనుకునేవాణ్ణి. అంత తెలివి నాది.

ఒకసారి రిటైరైన బడిపంతులు ఒకాయన తన ఇంటి కిటికీలన్నీ మార్చమన్నాడు. ఎనిమిది కిటికీలు. నాకు లోపల సంబరంగా ఉంది. మేస్త్రీ మజ్జిగ తాగి, లేచి, ఒక్కో చట్రాన్నీ వేలితో తట్టి, దబ్బనంతో పొడిచి చూశాడు. దబ్బనం దిగితే చెక్క పుచ్చినట్టు, దిగకపోతే బాగున్నట్టు. ఎక్కడా దిగలేదు.

"పంతులు గారూ, మీ కిటికీలకేం రోగం లేదు. కీళ్లు వదులైనాయి. అవి మారుస్తా. ఈ చెక్క మీకంటే నాకంటే ఎక్కువ దినాలుంటాది" అన్నాడు.

ఇంటికొచ్చే దారిలో నేను మూతి ముడుచుకుని నడిచాను. మేస్త్రీ గమనించాడు.

"ఏందిరా, ఎనిమిది కిటికీలు పాయనే అని ఏడుస్తాండావా?"

"అడిగింది ఆయనే గదా మేస్త్రీ. మనం వద్దనేదేంది?"

"అడిగేవాడికి తెలీకనే గదరా మనల్ని అడిగేది. తెలిసుంటే మన మొగం ఎందుకు సూస్తాడు?"

ఇంతే చెప్పాడు. ఇప్పటికీ నా తీర్పు అదే. పాతది బాగుంటే బాగుందని చెప్పి వచ్చెయ్యాలి. పుచ్చితే మాత్రం నాసిరకం చెక్క చూపించకూడదు. మామిడి చెక్క కిటికీ రెండు వానాకాలాలకు వంకర తిరుగుతుంది. వేప మంచిది, చెద తొందరగా ముట్టదు. టేకు అన్నిటికంటే మంచిది, కానీ మా రోజుల్లో యుద్ధం వచ్చి బర్మా టేకు ఆగిపోయింది. పాత సత్రాలు పడగొట్టినప్పుడు ఆ దూలాల కోసం మేం పొద్దున్నే పోయి కాచుకునేవాళ్లం.

గుండుతో వచ్చిన మునెమ్మ

ఆ యుద్ధం రోజుల్లోనే మునెమ్మ మా షెడ్డుకు వచ్చింది. కొండ మీద మొక్కు తీర్చుకుని మెట్లు దిగి నేరుగా వచ్చినట్టుంది. గుండుకు గంధం ఇంకా ఆరలేదు. నలభై ఏళ్లుంటాయి. చంకలో చిన్న మూట. ఆమె కాసేపు మేం చేస్తున్న కిటికీ రెక్కను చూసి, దాన్ని చేత్తో తడిమి, అడిగింది:

"కిటికీ మారిస్తే కండ్లు నయమైతాయా మేస్త్రీ?"

నేను నవ్వబోయాను. మేస్త్రీ నన్ను ఒక చూపు చూశాడు.

"కూసో తల్లీ. ఎవురి కండ్లు?"

ఆమె కూర్చుని చెప్పింది. ఊరు నగరి. మొగుడు చెంగల్రాయుడు చేనేత పనివాడు. ఏడాదిగా ఆయన నేసిన గుడ్డలో తప్పులు వస్తున్నాయి. తెగిన పోగు కనపడక అలాగే నేసుకుపోతున్నాడు. అంచు వంకర పోతోంది. అసలే యుద్ధంలో నూలు దొరకడం లేదు. నూలు ఇచ్చే షావుకారు, ఇంకో రెండు గుడ్డలు ఇట్లాగే వస్తే నూలు వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. డాక్టరు ఒక కంట్లో నరం ఎండిపోతోందన్నారు, రెండో కన్ను ప్రస్తుతానికి బాగుందన్నారు.

"ఆయప్ప ఏమో నా కండ్లు పోయినాయి, మగ్గం అమ్మేద్దాం అంటాండాడు. నేనేమో ఇల్లు చీకటి, కిటికీ పుచ్చిపోయి మేకులు కొట్టి మూసిపెట్టుండాము, దానికే కనపడలేదంటాండా. మా యమ్మ ఇచ్చిన, నీళ్లు కాచే ఇత్తడి అండా ఉండాది. ఇప్పుడు ఇత్తడికి మంచి ధర. అది అమ్మి కిటికీ పెట్టిద్దామంటే, కండ్లు లేనోడికి కిటికీ ఎందుకు అంటాడు. మీరు సెప్పండి. తప్పు కండ్లదా, కిటికీదా?"

మేస్త్రీ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"కండ్ల సంగతి నేను చెప్పలేనమ్మా. కిటికీ సంగతి సూసి చెప్తా. నాకు మోకాలు వాచుండాది, బస్సు ఎక్కలేను. ఈ వీరాను పంపుతా. మావోడు మంచి పనోడు."

ఆ చివరి మాట విని నా తల షెడ్డు కప్పుకు తగిలింది. ఒక్కణ్ణే వెళ్లి ఒక ఇంటికి తీర్పు చెప్పడం నాకు అదే మొదటిసారి.

కుక్కలు చూసే ఎత్తు

అప్పట్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిచేవి. వడమాలపేటలో ఆపి, డ్రైవరు దిగి, వెనకున్న బొగ్గు పొయ్యిని కడ్డీతో కెలికి, క్లీనరును నాలుగు తిట్టి, మళ్లీ బయల్దేరదీశాడు. నగరి చేరేసరికి నా తెల్ల చొక్కా బూడిద రంగుకు తిరిగింది.

చెంగల్రాయుడు వాకిట్లోనే ఉన్నాడు. సన్నటి పొడుగాటి మనిషి, నెమ్మదైన మాట. "రా అప్పా, ఎండన పడి వచ్చినావు" అని నీళ్లిచ్చాడు. ఇంట్లో రెండు కిటికీలు. వంటింటి కిటికీని దబ్బనంతో పొడిచి చూశాను, గట్టిగా ఉంది. దీనికి కీలు మారిస్తే చాలని చెప్పాను. ఆ ఇంట్లో నేను చేసిన సరైన పని అదొక్కటే.

రెండోది మగ్గం పక్క కిటికీ, తూర్పు గోడకు ఉంది. ఎదురుగా పడమట వాకిలి. దబ్బనం పిడి దాకా దిగింది. అడుగు చెక్కంతా చెద. ఆ కిటికీ ఎక్కడుందో చూసి నాకు నవ్వొచ్చింది. నేలకు జానెడు ఎత్తులో ఉంది.

"ఇంత కింద పెట్టినారేంది అన్నా? కుక్కలు తొంగి సూసేదానికా?"

చెంగల్రాయుడు కూడా నవ్వాడు. "మా నాయన అట్ల పెట్టినాడప్పా. యెందుకో నాకూ తెల్దు. నేను పుట్టినప్పటి నుంచి ఆడనే ఉండాది."

"అందుకే పుచ్చింది. వానకు నేల మీది నీళ్లు ఎగిరి చెక్క మీద పడతాయి. చెద నేల నుంచి నేరుగా ఎక్కుతాది. నడుమెత్తులో పెద్ద కిటికీ పెడతా సూడు. వెలుతురు, గాలి, రెండూ వస్తాయి."

నేను చెప్పిన కారణం తప్పు కాదు. పుచ్చడం అందుకే పుచ్చింది. అయితే తెలిసినవాడిలా మాట్లాడుతుంటే ఎదుటి మనిషి తనకు తెలిసింది కూడా నోట్లోనే ఉంచుకుంటాడు. చెంగల్రాయుడు ఏదో అనబోయి, "ఆచారివి, నీకు తెలీదా" అని ఊరుకున్నాడు.

నేలలో మగ్గం గుంత ఉంది. నేతగాడు గుంతలోకి కాళ్లు పెట్టి నేల మీద కూర్చుని నేస్తాడు. ఆ గుంతకు పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. పరాయివాళ్లు అందులో కాలు పెట్టరని నాకు తెలుసు. మా ఇంట్లో పనిముట్ల పెట్టెను ఎవరైనా దాటితే మా నాయన చెంప పగలగొట్టేవాడు. అందుకని నేను గౌరవంగా దూరంగా నిలబడి, నిలబడే కొలత తీసుకున్నాను. మునెమ్మ మజ్జిగ తెస్తానంది. వద్దక్కా, బస్సుకు టైమైంది అన్నాను.

నా గొప్ప కిటికీ

ఆ కిటికీని నేను పదిహేను రోజులు చేశాను. పడగొట్టిన సత్రం దూలం చెక్క, మంచి టేకు. రెక్కలు మూస్తే సందులో దారం పోగు కూడా దూరదు. మేస్త్రీ వేలితో నిమిరి, "ఊఁ" అన్నాడు. ఆయన దగ్గర ఊఁ అనిపించుకోవడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

అండా అమ్మేశారు. నేను నగరి వెళ్లి, తాపీమేస్త్రీతో పాత కిటికీ కంత మూయించి, నడుమెత్తులో గోడ కొట్టించి కిటికీ నిలబెట్టాను. రెక్కలు తెరిస్తే ఎదురు గోడ మీద ఎండ పలకలా పడింది. మునెమ్మ రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుని చూసింది. అప్పటికి గుండు మీద జుట్టు అర అంగుళం మొలిచింది. చెంగల్రాయుడు కిటికీకి దండం పెట్టాడు. పడమటి వాకిట్లోంచి వచ్చిన గాలి కిటికీలోంచి సాగిపోతుంటే, "సూసినారా, గాలి ఎట్లా ఆడతాండాదో" అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గడియలకు ఇనుము దొరకలేదు. మూడు వారాల తర్వాత అవి తీసుకుని మళ్లీ వెళ్లాను. మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. చెంగల్రాయుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లేచి ఎప్పటిలాగే నీళ్లిచ్చాడు.

"కిటికీ బాగుండాది అప్పా. ఊర్లో అందరూ వచ్చి సూసి పోతాండారు. బాగలేనిది నా కండ్లే. ఇంత మంచి కిటికీ పెట్టినా కనపడలేదంటే, ఇంక అనుమానం లేదు గదా. ముందుకంటే అధ్వానంగా ఉండాది. గుడ్డ నల్లగా కనపడతాది. ఈ గాలికి పడుగు పోగులు కూడా పటపట తెగతాండాయి. ఎల్లుండి మగ్గం తీసుకుపోయేదానికి మనిషి వస్తాండాడు."

మునెమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "తప్పు కండ్లదే మేస్త్రీ. కాదని నేనే మంకు పట్టినా" అంది. నేనింకా మేస్త్రీని కాదు. గడియలు బిగించి బస్సెక్కాను.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. షెడ్డులో చెప్పాలా వద్దా? చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కిటికీలో తప్పు లేదు, ఊరంతా మెచ్చుకుంటున్నారు. కండ్లు పోవడం వాళ్ల కర్మ. రేణిగుంట దాటేదాకా నన్ను నేను ఇలా సముదాయించుకున్నాను. తిరుపతిలో దిగాక మేస్త్రీ మొహం చూడగానే మొత్తం చెప్పేశాను.

ఆయన ఉలి కింద పెట్టాడు. చెక్కముక్క తీసుకోలేదు. నాకు అప్పుడు భయం వేసింది.

"గుంతలో కూసోని సూసినావా?"

"పరాయివాళ్లు దిగకూడదు గదా మేస్త్రీ."

"దిగొచ్చునా అని అడిగినావా?"

"లేదు."

"ఆ మనిషి నిలబడి నేస్తాడా కూసోని నేస్తాడా?"

మర్నాడు పొద్దున్నే వాచిన మోకాలికి గుడ్డ చుట్టుకుని నాతో పాటు బస్సెక్కాడు.

కాళ్లు కడుక్కుని

నగరి చేరాక మేస్త్రీ చేసిన మొదటి పని మజ్జిగ అడగడం. తాగాడు. ఎండల గురించి మాట్లాడాడు. తర్వాత చెంగల్రాయుడి వైపు తిరిగి చాలా మర్యాదగా అడిగాడు.

"అప్పా, మగ్గం నీకు దేవుడు మాదిరి. తప్పయితే తప్పని చెప్పు. మావోడు ఒక్కసారి గుంతలో దిగొచ్చునా?"

చెంగల్రాయుడు నన్ను కిందికీ పైకీ చూశాడు. "దానికేముండాది. కాళ్లు కడుక్కోని దిగు."

కాళ్లు కడుక్కున్నాను. దుప్పటి తీశారు. నేను గుంతలోకి కాళ్లు పెట్టి కూర్చున్నాను. ఒళ్లో ఉన్నట్టు గుడ్డ ముందు ఉంది, నేలకు మూరెడు ఎత్తు కూడా లేదు. నా గొప్ప కిటికీ ఎక్కడో తల మీద ఉంది. అందులోంచి వచ్చే వెలుతురంతా నా మీదుగా దూకి ఎదురు గోడ మీద పడుతోంది. గుడ్డ మీద మాత్రం కిటికీ కింది గోడ నీడ. ఒకసారి పైకి చూస్తే ఆకాశం కళ్లలో పడింది. మళ్లీ కిందికి చూస్తే గుడ్డ నల్లగా అయిపోయింది. నా కళ్లు అప్పుడు ఇరవై ఐదేళ్ల కళ్లు. నాకూ పోగు కనపడలేదు.

గుంతలో కూర్చుని ఉండగానే నాకు ఏడుపొచ్చింది. "అన్నా, నాకూ కనపడలేదు" అన్నాను.

చెంగల్రాయుడు ముందు అర్థం కానట్టు చూశాడు. "నీకూ కనపడలేదా?"

"లేదన్నా. నీ కండ్లది కాదు, తప్పు నాది. మీ నాయన పెట్టిన ఎత్తే సరైన ఎత్తు. గుంతలో కూసునేవాడి కోసం పెట్టినాడు ఆయన. నేను నిలబడేవాడి కోసం పెట్టినా."

మునెమ్మ గడప మీద చతికిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. రెండూ అనుకుంటా. చెంగల్రాయుడు మాత్రం మూసేసిన పాత కంత దగ్గరికి వెళ్లి, ఆ గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. మగ్గం కొనడానికి వచ్చే మనిషికి ఆ సాయంత్రమే వద్దని కబురు పంపాడు.

పటాల అద్దాలు

మేస్త్రీ, నేనూ రెండు రోజులు అక్కడే ఉన్నాం. నా కిటికీ ఊడదీశాం. పై కంత మూసి, పాత కంతను వెడల్పు చేసి, అడుగున నల్లరాతి పలక పరిచి దాని మీద కిటికీ నిలబెట్టాం. రాయి ఉంటే నేల తడి చెక్కకు రాదు, చెద రాయి దాటాలంటే బయటికి కనపడే దారిన రావాలి. పైన వాన పడకుండా తాటాకు చూరు కట్టాం. ఈ పనికి మేస్త్రీ వాళ్ల దగ్గర భోజనం తప్ప ఏమీ తీసుకోలేదు.

గాలి సంగతి మిగిలింది. పడుగు అంటే మగ్గం మీద పొడుగునా లాగి కట్టిన పోగులు. వాటికి కాస్త తేమ ఉండాలి. వడగాలి తగిలితే ఎండి తెగిపోతాయి. రెక్కలు మూస్తే చీకటి, తెరిస్తే గాలి. వెలుతురు రావాలి, గాలి రాకూడదు. అంటే అద్దం కావాలి. యుద్ధంలో అద్దం పలకలు ఎక్కడ దొరుకుతాయి? మద్రాసు నుంచి తెప్పించాలంటే నెలలు పడుతుంది. మేస్త్రీ తల పట్టుకున్నాడు.

మునెమ్మ లోపలికి వెళ్లి గోడ మీదున్న నాలుగు దేవుడి పటాలూ దింపుకొచ్చింది.

"ఈ అద్దాలు సరిపోతాయా సూడండి."

చెంగల్రాయుడు కంగారుపడ్డాడు. "దేవుడి పటాలు మునెమ్మా."

"పటాలు యాడికీ పోలేదు, అద్దాలే గదా. ఆయన నా జుట్టంతా తీసుకున్నాడు, నాలుగు అద్దాలు ఇయ్యడా ఏంది? దుమ్ము పడితే నేను తుడుస్తా."

రెక్కల్లో ఒక్కోదానికి రెండేసి చొప్పున నాలుగు అద్దాలూ అమర్చాను. చేతులు జాగ్రత్తగా పెట్టి పని చేయడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. మర్నాడు పొద్దున రెక్కలు మూసే ఉంచి చెంగల్రాయుడు మగ్గం మీద కూర్చున్నాడు. తూర్పు ఎండ నాలుగు ముక్కలుగా గుడ్డ మీద పడింది. ఆయన అడ్డపోగు నడిపే నాడె వేయలేదు. ఆ మూడు వారాల్లో నేసి వదిలేసిన గుడ్డ వైపు వంగి చూశాడు.

"ఇదెవురు నేసినారు, ఇంత దరిద్రంగా?" అన్నాడు.

"నువ్వే" అంది మునెమ్మ.

మేస్త్రీ నవ్వితే ఆ వీధి చివరికి వినపడింది. చెంగల్రాయుడు తప్పున్నంత మేర విప్పి మళ్లీ నేయడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, తెగిన ఒక పోగును వేళ్లతో పట్టుకుని ముడేసి, మాకు ఎత్తి చూపించాడు. షావుకారు నూలు ఆపలేదు.

తిరిగొచ్చే బస్సులో మేస్త్రీ కిటికీ పక్కన కూర్చుని పుత్తూరు దాకా మోకాలికి చుట్టిన గుడ్డ సర్దుకుంటూనే ఉన్నాడు. తర్వాత, "నేనూ పోకుండా నిన్ను పంపింది నా తప్పు. మజ్జిగ ఎందుకు తాగుతానో నీకు చెప్పింది లేదు" అన్నాడు. నన్ను కొడితే బాగుండేదనిపించింది.

నాలుగో అద్దం

కొత్తవాళ్లు ఇక్కడ ఒకటి అడుగుతారు. కాబట్టి ఆ ఖర్చు పెట్టడం మంచిదే అయింది కదా, కళ్లు బాగుపడ్డాయి కదా అని. కళ్లు బాగుపడలేదు. కిటికీ కళ్లను బాగుచేయదు. మేస్త్రీ మొదటి రోజే ఆ మాట చెప్పాడు. ఎండిపోతున్న నరం ఎండిపోతూనే వచ్చింది, తర్వాత రెండో కంటికీ అదే పట్టుకుంది.

స్వరాజ్యం వచ్చిన రెండేళ్లకు ఏదో పని మీద నగరి వెళ్లి వాళ్లింటికి పోయాను. అప్పటికి మేస్త్రీ లేడు. వాకిట్లో నిలబడితే మగ్గం చప్పుడు వినపడుతోంది. లోపలికి వెళ్లి చూస్తే గుంతలో మునెమ్మ కూర్చుని నేస్తోంది. చెంగల్రాయుడు పక్కన రాట్నం ముందు కూర్చుని ఆమెకు నూలు చుట్టి ఇస్తున్నాడు. ఒకప్పుడు ఆమె చేసిన పని అది. జుట్టు మాత్రం నడుము దాకా పెరిగింది ఆమెకు.

నా గొంతు వినగానే ఆయన గుర్తుపట్టాడు.

"కిటికీల ఆచారివి గదా. రా అప్పా. కండ్లు పోయినాయిలే, రెండేండ్లాయె. ఆ కిటికీ లేకుండా ఉంటే, పోకముందే పోయినాయనుకోని మగ్గం అమ్మేసి ఉంటా. ఎన్నేండ్లు నేసినానో. పోయేలోపల ఈమెకు పనంతా నేర్పినా."

మునెమ్మ మజ్జిగ తేవడానికి లేచింది. ఈసారి వద్దనలేదు నేను. ఆమె వంటింట్లోకి వెళ్లిన చప్పుడు విని, చెంగల్రాయుడు నా వైపు వంగి గొంతు తగ్గించాడు.

"కాళ్లు కడుక్కోని దిగు అప్పా. కూసోని సూసి నాకు నిజం చెప్పు. గుడ్డ మీద వెలుతురు సరిగ్గా పడతాండాదా? ఈమెను అడిగితే బ్రమ్మాండంగా ఉండాదంటాది. నేను బాధపడతానని అట్లనే చెప్తాది. నా కండ్లు పోయినట్ల ఈమె కండ్లు పోకూడదు."

కాళ్లు కడుక్కుని దిగి కూర్చున్నాను. చెక్క బాగుంది, ఎక్కడా పుచ్చలేదు. మూడు అద్దాల్లోంచి ఎండ గుడ్డ మీద పడుతోంది. నాలుగో అద్దం లేదు. దాని చోట రేకు ముక్క కొట్టి ఉంది. గుడ్డ ఎడమ అంచు నీడలో ఉంది.

అబద్ధం నోటిదాకా వచ్చింది గానీ, ఆ మనిషి అడిగింది నిజం చెప్పమని. చెప్పాను.

"నాకు తెలుసు" అన్నాడు. "అద్దం పగిలిన సప్పుడు ఇన్నా. అడిగితే గిన్నె పడిందనింది ఈమె."

మునెమ్మ మజ్జిగ లోటాతో గడప దగ్గరే ఆగిపోయింది. "నువ్వు దానికి కూడా దిగులు పడతావని చెప్పలేదు. అంచు నాకు చేతికి తెలుస్తాదిలే" అంది.

"నాకూ అట్లనే తెలిసేది మొదట్లో" అన్నాడాయన.

అప్పటికి అద్దాలు దొరుకుతున్నాయి. నేను పుత్తూరు వెళ్లి ఒక అద్దం కోయించుకుని, చొక్కాలో చుట్టుకుని తెచ్చాను. ఆ రాత్రి వాళ్ల అరుగు మీదే పడుకుని, పొద్దున్నే రేకు పీకి అద్దం అమర్చాను. చెంగల్రాయుడు తడుముకుంటూ వచ్చి మగ్గం పక్కన కూర్చుని, గుడ్డ ఎడమ అంచు మీద అరచెయ్యి పెట్టాడు. ఎండ అక్కడికి రావడానికి కాస్త సేపు పట్టింది. చెయ్యి వెచ్చబడినట్టుంది, మెల్లగా తీసేశాడు.

"ఇంక నెయ్యి మునెమ్మా" అన్నాడు.